గ్రిడ్‌కు లొంగని తాళం

అందరికీ నమస్కారం. ల్యాప్‌టాప్ మీద పాటలు కట్టేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. ఆఫ్రికా లయల్ని ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్‌తో కలపడమంటే క్లబ్బుల్లో మోగే హౌస్ సంగీతపు బీట్ మీద, చేత్తో వాయించే పశ్చిమాఫ్రికా డ్రమ్ము జెంబే ముక్కనొకదాన్ని లూప్‌గా, అంటే మళ్లీ మళ్లీ తిరిగేలా, పరిచేయడం కాదు. ఒదగాల్సింది యంత్రం, డ్రమ్ము కాదు. నా వాదనంతా ఇదే.

సాఫ్ట్‌వేర్ తెరవగానే బార్‌ని, అంటే ఒక ఆవర్తాన్ని, 16 సమాన గడులుగా కోసి చూపిస్తుంది. గ్రిడ్ అంటే అదే. ఘనా, టోగోల్లో ఎవే ప్రజలు వాయించే ఇనుప గంటకు ఆ గడులు సరిపోవు. ఆవర్తానికి 12 మాత్రలు, ఏడు దెబ్బలు. ఒక దెబ్బ నుంచి తర్వాతి దెబ్బకు మాత్రలు ఇలా: 2-2-1-2-2-2-1. ఎడమవైపు కూర్చున్నవాళ్లు మూడు మాత్రలకోసారి చప్పట్లు కొట్టండి, కుడివైపువాళ్లు నాలుగు మాత్రలకోసారి. నేను గంట వాయిస్తాను... విన్నారా? ఎడమవైపువాళ్లకు నాలుగు చప్పట్లు, కుడివైపువాళ్లకు మూడు. ఇద్దరూ కలిసేది మొదటి మాత్ర దగ్గరే. తిశ్రం (మూడేసి లెక్క), చతురశ్రం (నాలుగేసి లెక్క) తెలిసిన మృదంగం విద్యార్థులకు ఈ లెక్క కొత్త కాదు. పాదం నాలుగు దెబ్బల మీద నడుస్తుంటే మూడు దెబ్బల నడక పక్కనుంచి లాగుతూనే ఉంటుంది. నాట్యానికి ఊపు వచ్చేది ఆ లాగుడులోంచే.

మాలీలో జెంబే వాయించే తీరు ఇంకా సూక్ష్మం. అక్కడి కొన్ని బాణీల్లో ఒక్కో బీట్‌లోని మూడు భాగాలూ సమానంగా ఉండవు. ఒకటి పొట్టి, ఒకటి పొడవు. అది చేతి పొరపాటు కాదు, ప్రతి ఆవర్తంలోనూ దాదాపు అదే నిష్పత్తి వస్తుంది. ప్రతి దెబ్బనూ దగ్గరి గడికి జరిపే క్వాంటైజ్ బటన్ మనం నొక్కిన మరుక్షణం ఆ తేడా చెరిగిపోతుంది. శబ్దం మిగులుతుంది, లయ పోతుంది.

మరి యంత్రాన్ని వంచినవాళ్లు ఎవరు? దక్షిణాఫ్రికాలో నోజింజా అనే సంగీత నిర్మాతని చూడండి. జొహన్నెస్‌బర్గ్ పక్కనున్న సొవెటోలో సెల్‌ఫోన్ రిపేరు దుకాణాలు నడిపిన మనిషి. తన సోంగా సంప్రదాయంలో అమ్మాయిలు నడుము తిప్పే షిబెలానీ నాట్యం చాలా వేగం. పాటని ఆ వేగానికి తెచ్చాడు, నిమిషానికి 180 బీట్ల దాకా. బేస్ గిటార్ తీసేసి, కీబోర్డు మీద మరింబా (కొయ్య పలకల వాద్యం) స్వరాలు పెట్టాడు. 2010లో వచ్చిన షంగాన్ ఎలక్ట్రో సంకలనంతో యూరప్ క్లబ్బులు దాన్ని విన్నాయి. ఆ వేగం క్లబ్బు అడిగినది కాదు, నర్తకులు అడిగినది.

అదే దేశంలో డర్బన్ నగరం చుట్టూ ఉన్న టౌన్‌షిప్పుల (నల్లజాతివాళ్ల పేటల) కుర్రాళ్లు ఇంకో దారి పట్టారు. ఫ్రూటీ లూప్స్ అనే చవక సాఫ్ట్‌వేర్‌తో గోమ్ అనే క్లబ్ సంగీతం తయారు చేశారు. అందులో హౌస్‌లా నాలుగు సమానమైన కిక్‌లు (పెద్ద డ్రమ్ము దెబ్బలు) ఉండవు, కిక్ విరిగి విరిగి పడుతుంది. రేడియో కంటే ముందు మినీబస్ టాక్సీలే దాన్ని ఊరంతా తిప్పాయి. కాంగో రాజధాని కిన్షాసాలో కోనోనో నంబర్ 1 బృందమైతే కంప్యూటర్ జోలికే పోలేదు. బొటనవేళ్లతో మీటే లికెంబేలకు పాత కారు భాగాల అయస్కాంతాలతో మైకులు చేసుకున్నారు. ఆ యాంప్లిఫయర్ గరగర వాళ్ల స్వరంలో భాగమైపోయింది.

"ఆఫ్రికన్ పెర్కషన్" అని పేరు పెట్టి అమ్మే శాంపిల్ ప్యాకులంటే (రెడీమేడ్ శబ్దాల కట్టలంటే) నాకు బాధ. ఏ ఊరు, ఏ జనం, ఎవరి చెయ్యి అన్నది అందులో ఉండదు. యాభైకి పైగా దేశాలకు ఒక్క ఫోల్డరా?

మన హైదరాబాద్‌లోనే ఏసీ గార్డ్స్ ఉంది. నిజాం కొలువులోని ఆఫ్రికన్ కేవల్రీ గార్డ్స్ పేరే అది. వాళ్ల వారసులైన సిద్దీలు, యెమెన్ నుంచి వచ్చిన అరబ్బు కుటుంబాలు నిలబెట్టిన మర్ఫా డప్పుల సంగీతం ఇప్పటికీ పెళ్లి బారాత్‌లలో మోగుతోంది. మీలో ఎవరైనా దాన్ని ఎలక్ట్రానిక్‌లోకి తేవాలనుకుంటే బృందం మొత్తాన్ని క్లిక్ ట్రాక్ (చెవిలో టిక్కుమనే యంత్రపు తాళం) లేకుండా రికార్డు చేయండి. టెంపో మ్యాప్‌ను, అంటే పాట వేగం ఎక్కడ ఎంత మారుతుందో చెప్పే పటాన్ని, ఆ రికార్డింగ్ నుంచే తీయండి. వాయించినవాళ్ల పేర్లు, డబ్బులో వాళ్ల వాటా పాట విడుదలకు ముందే కాగితం మీద పెట్టండి. టెంపో మ్యాప్ ఎలా తీయాలో తెలియనివాళ్లు ఇక్కడే ఉండండి, ఇప్పుడే తెర మీద చేసి చూపిస్తాను.