చేతులు మారగల నోటు

(చెన్నైలో తెలుగువారి సాయంత్రపు సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. రిటైరైన బ్యాంకు ఉద్యోగిని పిలిచి బాండ్ల మార్కెట్ మీద మాట్లాడమన్నారంటే నిర్వాహకులకు ధైర్యం ఎక్కువైనా అయ్యుండాలి, లేదా తర్వాత పెట్టే టిఫిన్ మీద నమ్మకమైనా ఉండాలి. ఎందుకైనా మంచిదని ప్రోనోటుతో మొదలుపెడతాను.

నెల్లూరు వైపు పల్లెలో మా నాన్న బీరువాలో ఒక రేకు పెట్టె ఉండేది. అందులో రెవెన్యూ స్టాంపు మీద సంతకాలు పడ్డ నోట్లు, పురికొసతో కట్టి ఉండేవి. నూటికి రెండు రూపాయల వడ్డీ. కొంత ముడితే నోటు వెనక చెల్లు రాసేవారు. మూడేళ్లు దాటితే నోటు కోర్టులో చెల్లదు కాబట్టి, మూడో ఏడు దగ్గరపడగానే మా అమ్మ, "పై వీధి వాళ్ల నోటు తిరగరాయించారా? కాలదోషం పడుతుంది" అని గుర్తు చేసేది. మా అక్క పెళ్లి కుదిరేసరికి ఆ పెట్టెలో చాలా నోట్లున్నాయి, చేతిలో మాత్రం డబ్బు లేదు. పంట వస్తే గానీ ఇవ్వలేమన్నారు తీసుకున్నవాళ్లు. చట్టప్రకారం నోటు వెనక రాసి ఇంకొకరికి బదిలీ చేయవచ్చు. కానీ ఎవరు కొంటారు? ఆ రాసిచ్చినాయన పొలం ఎంతో, మాట ఎలాంటిదో పక్క ఊరి వాళ్లకు తెలియదు కదా. చివరికి మా నాన్నే ఇంకొకరికి నోటు రాసిచ్చి పెళ్లి చేశారు.

బాండు కూడా ఒక నోటే, ప్రభుత్వమో కంపెనీయో అప్పు తీసుకుని రాసిచ్చేది. గడువు తీరకముందే, ముక్కూ మొహం తెలియనివాడికి, అందరికీ తెలిసిన ధరకు దాన్ని అమ్ముకోగలిగితే అక్కడ మార్కెట్ ఉన్నట్టు. అది లేకపోతే ఎంత పెద్ద దేశమైనా మా నాన్న పరిస్థితే.

ధర అన్నాను కాబట్టి చిన్న లెక్క. వందకు ఏడాదికి 7 రూపాయలిచ్చే పదేళ్ల బాండు మీ దగ్గర ఉంది. ఈలోగా మార్కెట్ వడ్డీ 8కి పోయింది. కొత్తదానికి 8 వస్తుంటే మీ 7 రూపాయలదాన్ని వంద పెట్టి ఎవరు కొంటారు? 93 రూపాయల చిల్లరకు అడుగుతారు. వడ్డీ పెరిగితే పాత బాండు ధర పడుతుంది, తగ్గితే పెరుగుతుంది. ఇంత తెలిస్తే రేపటి నుంచి బిజినెస్ పేజీ మీకు భయం వేయదు.

సొంత బాండ్ల మార్కెట్ లేకపోతే ఏమవుతుందో 1997లో థాయ్‌లాండ్ చూపించింది. అక్కడి కంపెనీలు, ఫైనాన్స్ సంస్థలు డాలర్లలో అప్పు తెచ్చాయి, అదీ ఏడాదిలోపు తీర్చాల్సిన అప్పు. ఆ డబ్బు బ్యాంకాక్‌లో ఏళ్ల తరబడి కట్టే భవనాల్లోకి వెళ్లింది. వచ్చే అద్దె అక్కడి కరెన్సీ అయిన బాత్‌లలో, తీర్చాల్సింది డాలర్లలో. జులై 2న ప్రభుత్వం బాత్ విలువను మార్కెట్‌కు వదిలేసింది. అంతకుముందు 25 బాత్‌లు ఉన్న డాలరు, 1998 జనవరికల్లా 50 దాటింది. ఒక్క ఇటుక అదనంగా పేర్చకుండానే అప్పు రెట్టింపైంది. బయటి అప్పు సొంత కరెన్సీలో పుట్టకపోవడాన్ని బారీ ఐకెన్‌గ్రీన్, రికార్డో హౌస్‌మన్ అనే ఆర్థికవేత్తలు "ఆది పాపం" అన్నారు. ఆ దెబ్బ తిన్నాకే ఆగ్నేయాసియా దేశాలు చైనా, జపాన్, కొరియాలతో కలిసి 2003లో స్థానిక కరెన్సీ బాండ్లను పెంచే ఉమ్మడి ప్రయత్నం మొదలుపెట్టాయి.

మన కథ వేరు. మనకు ప్రభుత్వ బాండ్లు దండిగా ఉండేవి, ధరే ఉండేది కాదు. 1990ల మొదట్లో బ్యాంకులు తమ డిపాజిట్లలో 38.5 శాతం దాకా ప్రభుత్వ సెక్యూరిటీల్లాంటి వాటిలో పెట్టితీరాలి. వడ్డీ ఎంతో ప్రభుత్వమే నిర్ణయించేది. అది చాలకపోతే అడ్‌హాక్ ట్రెజరీ బిల్లుల మీద, అంటే అప్పటికప్పుడు రాసిచ్చే కొద్దికాలపు నోట్ల మీద, రిజర్వు బ్యాంకు నుంచి డబ్బు తెచ్చుకునేది. కట్టేసి కొనిపించే చోట ధర ఎలా పుడుతుంది? ప్రభుత్వ బాండ్ల వేలం 1992లో మొదలైంది, అడ్‌హాక్ బిల్లులు 1997లో ఆగాయి. ఇప్పుడు ఆ 38.5 శాతం 18కి దిగింది. ఇవి పైకి చప్పగా కనబడతాయి గానీ, ప్రభుత్వం ఎంత వడ్డీకి అప్పు చేస్తుందో నిజంగా తెలిస్తేనే ఫ్యాక్టరీవాడికి ఎంత వడ్డీ వేయాలో తెలుస్తుంది.

కుర్రతనంలో నేను బ్యాంకు సొమ్ముతో బాండ్లు కొని అమ్మే ట్రెజరీ డెస్కులో పని చేశాను. బాండ్ల కొనుగోళ్లన్నీ ఫోన్ మీదే. ఆ తర్వాత ఎస్‌జీఎల్ ఫారం, అంటే బాండ్లను ఖాతా మార్చమనే పత్రం, నింపి, సంతకాలు పెట్టించి, రాజాజీ సాలైలో ఉన్న రిజర్వు బ్యాంకు ఆఫీసుకు పట్టుకెళ్లేవాణ్ణి. అక్కడ లెడ్జర్లో ఒక ఖాతాలో తగ్గించి ఇంకో ఖాతాలో కలిపితే అమ్మకం పూర్తయినట్టు. ఒకసారి వేరే బ్యాంకు ఇచ్చిన ఫారం తిరిగొచ్చింది. వాళ్ల ఖాతాలో ఆ బాండ్లే లేవు! డబ్బు మాత్రం మేము అప్పటికే ఇచ్చేశాం. మూడు రోజులు మా మేనేజర్‌కు అన్నం సహించలేదు.

1992 హర్షద్ మెహతా కుంభకోణాన్ని జనం షేర్ల కుంభకోణంగానే గుర్తు పెట్టుకున్నారు గానీ, దాని తలుపు బాండ్ల వైపే తెరుచుకుంది. బాండ్ల బదులు "అమ్మాం, తర్వాత అందజేస్తాం" అని బ్యాంకు రసీదు ఇచ్చే అలవాటుండేది. కొన్ని చిన్న బ్యాంకులు వెనక ఏమీ లేకుండానే రసీదులు రాసిచ్చాయి. ఆ డబ్బు షేర్లలోకి పారింది. రిజర్వు బ్యాంకు వేసిన జానకిరామన్ కమిటీ లెక్క తేలిస్తే చిక్కుకున్న సొమ్ము సుమారు 4,000 కోట్లు. ఆ తర్వాతే ఒక చేత్తో బాండు, ఇంకో చేత్తో డబ్బు అనే పద్ధతి 1995లో వచ్చింది. 2002లో సీసీఐఎల్ అనే క్లియరింగ్ సంస్థ మధ్యలో నిలబడి ఇద్దరికీ హామీ ఇవ్వడం మొదలుపెట్టింది. 2005లో స్క్రీన్ మీద వ్యాపారం వచ్చింది. బాండ్ల మార్కెట్ కావాలనుకునే దేశం నా సలహా అడిగితే, ముందు ఈ గుమాస్తా పని సరిచేసుకోమంటాను. సదస్సుల్లో దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఫొటోలు బాగా రావు మరి.

మన ఊళ్లోనే ఒక మంచి కథ ఉంది. ఆలందూరు తెలుసుగా, మెట్రో మారే చోటు. 1990ల చివర్లో అది వేరే మున్సిపాలిటీ, అప్పటికి భూగర్భ డ్రైనేజీ లేదు. గొయ్యి తవ్వకముందే ఇంటికి 5,000 రూపాయల చొప్పున జనం డిపాజిట్ కట్టారు. ఊళ్లోవాళ్లే ముందు డబ్బు పెట్టారంటే అప్పు ఇచ్చేవాడికి అంతకంటే భరోసా ఏముంటుంది? ఇక చిన్న పట్టణం ఒక్కటే బాండు వేస్తే కొనేవాళ్లుండరు. 2003 ప్రాంతంలో తమిళనాడు డజనుకు పైగా చిన్న స్థానిక సంస్థల అవసరాలను ఒకే మూటగా కట్టి సుమారు 30 కోట్ల బాండు వేసింది. అప్పు తీర్చడానికి నెలనెలా డబ్బు పక్కన పెట్టారు. ఎవరైనా కట్టకపోతే రాష్ట్రం ఇచ్చే నిధుల్లోంచి పట్టుకునే ఏర్పాటు చేశారు. అమెరికా సహాయ సంస్థ సగం అసలుకు హామీ ఇచ్చింది. మా ఊళ్లో "జామీను ఎవరు?" అని అడిగేవారు చూడండి, అదే.

ఆంధ్రప్రదేశ్ రాజధాని కట్టడానికి వేసిన అమరావతి బాండ్లు మీలో చాలామందికి గుర్తుంటాయి. 2018లో 2,000 కోట్లు, వడ్డీ 10.32 శాతం. ప్రభుత్వ హామీ ఉండి కూడా అంత వడ్డీ ఎందుకని అప్పట్లో వాదనలు జరిగాయి. నా మట్టుకు నాకు ఆ అంకె చూసి కోపం రాలేదు. కొనేవాళ్లు ఎంత అనుమానపడ్డారో బహిరంగంగా చెప్పిన అంకె అది. బ్యాంకు గదిలో తలుపేసుకుని ఇచ్చిన అప్పులో ఆ అనుమానం బయటికి రాదు.

కంపెనీల బాండ్ల దగ్గర మనం ఇంకా వెనకబడే ఉన్నాం. మలేసియాలో అవి జీడీపీలో సగం దాకా ఉంటాయి, మన దగ్గర ఐదో వంతు కూడా లేవు. ఉన్నవాటిలో 90 శాతానికి పైగా కొద్దిమంది పెద్ద సంస్థలకే నేరుగా అమ్ముతారు. వాళ్లు కొని బీరువాలో పెట్టేస్తారు, మళ్లీ బయటికి తీయరు. అప్పు తీర్చగలరా లేదా అని ఏజెన్సీలు ఇచ్చే రేటింగ్ అత్యుత్తమంగా లేకపోతే ముట్టుకోరు. ఆ రేటింగ్ సంగతి కూడా చూశాం. 2018లో, రోడ్ల వంటి వాటికి అప్పులిచ్చే ఐఎల్ అండ్ ఎఫ్ఎస్‌కు అన్నిటికంటే పై రేటింగైన ట్రిపుల్ ఎ ఉండగానే కొద్ది వారాల్లో ఎగవేత దాకా పడిపోయింది.

ఈమధ్య మామూలు మనుషులకూ తలుపు తెరిచారు. కంపెనీ బాండు ముఖవిలువ, అంటే ఒక్కో బాండు మీద రాసి ఉండే మొత్తం, 10 లక్షల నుంచి లక్షకు, 2024లో 10,000కు తగ్గింది. ప్రభుత్వ బాండ్లయితే 2021 నుంచి రిజర్వు బ్యాంకులో నేరుగా ఖాతా తెరిచి కొనొచ్చు. నేనూ ఊరుకోలేక ఒక యాప్‌లో ఓ కంపెనీ బాండ్లు కొన్నాను. కొనడానికి నాలుగు నిమిషాలు పట్టింది, కాఫీ చల్లారలేదు. ఆర్నెల్ల తర్వాత ఇంటికి రంగులు వేయించాల్సి వచ్చి అమ్మకానికి పెట్టాను. రోజూ పొద్దున చూడటం, స్క్రీన్ మీద కొనేవాళ్లు సున్నా. పదకొండో రోజు ఒకరు అడిగారు, వందకు 91 చొప్పున. టెన్షన్‌తో కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. ఆ అబ్బాయి ఎంతో మర్యాదగా చెప్పాడు: "సార్, మెచ్యూరిటీ దాకా ఉంచుకోండి సార్, అదే సేఫ్."

రంగులు ఇంకా వేయించలేదు. ఇక మీ ప్రశ్నలు అడగండి.