జపాన్ చివరి పది నిమిషాలు బంతి ఆడలేదు, అది తొండాటేనా? | 2018 జపాన్–పోలండ్ మ్యాచ్ రివ్యూ

హాయ్ అండీ. ఈ వీడియోలో గోల్స్ కోసం చూసేవాళ్లుంటే ముందే చెప్పేస్తున్నా, ఉన్నది ఒక్కటే గోల్, దాని గురించి కూడా అరనిమిషం మాట్లాడి వదిలేస్తా. మొన్న మా ఫ్రెండ్స్ గ్రూపులో ఏ దేశం నిజాయితీగా ఆడుతుంది, ఏ దేశం తొండి ఆడుతుంది అని రెండు రోజులు జుట్లు పట్టుకున్నాం. అర్జెంటీనా ఫ్యాన్ ఒకడు, "స్పోర్ట్స్‌మన్‌షిప్ అంటే జపాన్‌దిరా, మ్యాచ్ ఓడిపోయినా వాళ్ల ఫ్యాన్స్ స్టేడియంలో చెత్త ఏరి వెళ్తారు" అన్నాడు. ఇంకొకడు రెండే ముక్కలు టైప్ చేశాడు: "వోల్గోగ్రాడ్ మర్చిపోయావా?" అంతే, గ్రూపు సైలెంట్. అందుకే 2018 ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌లో, జూన్ 28న రష్యాలోని వోల్గోగ్రాడ్‌లో జరిగిన ఆ జపాన్–పోలండ్ మ్యాచ్‌ని మొదటి నుంచి చివరి దాకా ఫార్వర్డ్ చేయకుండా మళ్లీ చూశాను.

మొదటి ఎనభై నిమిషాలూ టూకీగా. జపాన్ కోచ్ నిషినో ముందు మ్యాచ్ ఆడిన టీమ్‌లో ఆరుగురిని మార్చేశాడు, మండే ఎండ, ఆట కూడా అలాగే నీరసంగా సాగింది. ఫస్ట్ హాఫ్‌లో పోలండ్ ఆటగాడు గ్రోసిట్స్కి హెడర్‌ని జపాన్ గోల్‌కీపర్ కవాషిమా సరిగ్గా గీత మీద ఆపుతాడు చూడండి, ఆ సేవ్ ఒక్కటి మాత్రం మళ్లీ మళ్లీ చూడొచ్చు. 59వ నిమిషంలో ఫ్రీకిక్ మీద బెడ్నారెక్ గోల్, పోలండ్ 1–0. పోలండ్ అప్పటికే ఇంటికి వెళ్లడం ఖాయం, పరువు కోసం ఆడుతోంది. ఓడిపోతున్నది మాత్రం జపాన్, ఆ నిమిషానికి టోర్నీ నుంచి బయటకి పోయినట్టే.

అసలు కథ ఈ స్టేడియంలో లేదు. అదే టైమ్‌కి రష్యాలోనే సమారా అనే ఇంకో ఊళ్లో, అదే గ్రూపులోని సెనెగల్–కొలంబియా మ్యాచ్ నడుస్తోంది. గ్రూపులో నాలుగు టీమ్‌లు, ముందుకెళ్లేది రెండే. 74వ నిమిషంలో యెర్రీ మినా హెడర్ కొట్టాడు, కొలంబియా 1–0. ఇప్పుడు లెక్క చూడండి, తమాషాగా ఉంటుంది. జపాన్, సెనెగల్ రెండింటికీ నాలుగేసి పాయింట్లు, రెండూ కొట్టింది నాలుగు గోల్స్, తిన్నదీ నాలుగే, వాళ్లిద్దరూ ఆడుకున్న మ్యాచ్ 2–2. ఇక తేల్చడానికి మిగిలింది ఎల్లో కార్డులు. జపాన్‌కి నాలుగు, సెనెగల్‌కి ఆరు, తక్కువ ఉన్నవాళ్లదే పైచేయి. దీన్నే ఫెయిర్ ప్లే పాయింట్లు అంటారు. ఫెయిర్ ప్లే పాయింట్లతో ఒక టీమ్ ముందుకెళ్లడం వరల్డ్ కప్‌లో అదే మొదటిసారి.

82వ నిమిషం. బెంచ్ మీదున్న కెప్టెన్ హసెబెని లోపలికి పంపారు. గోల్ కావాల్సిన టైమ్‌లో ఫార్వర్డ్ ముటోని తీసేసి మిడ్‌ఫీల్డర్‌ని దింపుతున్నారంటేనే అర్థమైపోవాలి. అతను తెచ్చిన కబురు ఏంటంటే, ఇలాగే ఉంచండి, కార్డు తెచ్చుకోకండి. ఇక అక్కడి నుంచి చూడండి, నేను మామూలు స్పీడ్‌లోనే పెడుతున్నా. డిఫెండర్ నుంచి డిఫెండర్‌కి. మళ్లీ వెనక్కి. కాసేపు బంతి మీద కాలు పెట్టి నిలబడటం. పోలండ్ వాళ్లైనా మీదకి వస్తున్నారా అంటే లేదు, నడుంమీద చేతులు పెట్టుకుని చూస్తున్నారు, గెలుస్తున్నారు కదా, వాళ్లకీ హాయిగానే ఉంది. స్టేడియం మొత్తం ఈలలు. ఇవి మన సినిమా ఈలలు కాదు, తిట్టే ఈలలు. సౌండ్ కొంచెం తగ్గిస్తున్నా, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్ల చెవులు పోతాయి.

ఆ రోజు లైవ్‌లో చూస్తున్నప్పుడు నాకూ ఒళ్లు మండింది. ఫెయిర్ ప్లే పాయింట్ల కోసం ఆట మానేయడం ఏంటి, పరీక్షలో మంచి మార్కుల కోసం పేపర్ రాయకుండా కూర్చున్నట్టు! సెనెగల్ బయటకి వెళ్లిపోతుంటే బాధేసింది. కానీ ఈసారి చూస్తుంటే కోపం కంటే భయం ఎక్కువేసింది. ఎందుకంటే సమారాలో సెనెగల్ ఒక్క గోల్ కొట్టి ఉంటే జపాన్ గోవిందా. తమ చేతిలో ఉన్న మ్యాచ్‌ని వదిలేసి, వేరే ఊళ్లో వేరే టీమ్ కాళ్ల మీద పందెం కాశాడు నిషినో. దాన్ని పిరికితనం అనడానికి నాకైతే నోరు రావట్లేదు, అది పెద్ద జూదం.

కొందరు దీన్ని 1982 వరల్డ్ కప్‌లో స్పెయిన్‌లోని హిహోన్‌ అనే ఊళ్లో జరిగిన మ్యాచ్‌తో పోలుస్తారు. నేను ఒప్పుకోను. అక్కడ పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా మైదానంలోకి దిగేసరికే అదే గ్రూపులోని అల్జీరియా తన చివరి మ్యాచ్ ముందు రోజు ఆడేసింది. జర్మనీ ఒక్క గోల్ తేడాతో గెలిస్తే ఇద్దరూ పైకి వెళ్తారని ఇద్దరికీ తెలుసు. పదో నిమిషంలో హ్రూబెష్ గోల్ కొట్టాడు, తర్వాత ఎనభై నిమిషాలు మైదానంలో వాకింగ్. స్టాండ్స్‌లో అల్జీరియా ఫ్యాన్స్ కరెన్సీ నోట్లు ఊపి చూపించారు. అక్కడ రిస్క్ అనేదే లేదు, ఇద్దరూ కలిసి మూడోవాడి గొంతు కోశారు. దాని దెబ్బకే 1986 నుంచి గ్రూపు ఆఖరి మ్యాచ్‌లు ఒకే టైమ్‌కి పెడుతున్నారు. జపాన్‌కి ఆ సుఖం లేదు.

మరి ఉరుగ్వే ఫార్వర్డ్ సువారెజ్? మా ఫ్రెండ్స్ గ్రూపులో ఎవరో ఒకరు అడగకుండా ఉండరు కదా. 2010 క్వార్టర్ ఫైనల్, ఎక్స్‌ట్రా టైమ్ ఆఖరి క్షణం, లోపలికి వెళ్లిపోతున్న ఘనా బంతిని చేత్తో ఆపాడు. అది తొండే, అందులో డౌట్ లేదు. కానీ రెడ్ కార్డు పడింది, పెనాల్టీ ఇచ్చారు, రూల్ ఎంత శిక్ష వేయగలదో అంతా వేసింది. ఘనా ఆటగాడు జ్యాన్ కొట్టిన పెనాల్టీ బార్‌కి తగిలింది, షూటౌట్‌లో ఉరుగ్వే గెలిచింది. ఘనావాళ్ల కోపం న్యాయమైనదే, నేనేమీ కాదనను. కానీ మా అర్జెంటీనా ఫ్యాన్ సువారెజ్‌ని దొంగ అంటుంటే మాత్రం నవ్వాగలేదు. 1986లో ఇంగ్లండ్ మీద మారడోనా చేత్తో కొట్టిన గోల్ ఇదే బాబు ప్రొఫైల్ ఫొటో! గురివింద గింజ సామెత ఇలాంటోళ్ల కోసమే పుట్టింది. సువారెజ్ శిక్ష అయినా అనుభవించాడు, మారడోనాకి గోల్ ఇచ్చారు.

ఇక ఆ "దేశం స్టైల్" గోల ఒకటి. బ్రెజిల్ అంటే సాంబా, డచ్ అంటే టోటల్ ఫుట్‌బాల్ (అందరూ అన్ని చోట్లా ఆడే స్టైల్), ఇటలీ అంటే గోడ కట్టడం. 1994లో బ్రెజిల్ కప్పు గెలిచింది, ఫైనల్ 0–0, పెనాల్టీల మీద, దుంగా కెప్టెన్‌గా. సాంబా ఎక్కడుందో వెతుక్కోవాలి. 2010 ఫైనల్‌లో డి యాంగ్ బూటు నేరుగా స్పెయిన్ ఆటగాడు షాబి అలొన్సో ఛాతీ మీదకి వెళ్లింది, ఆడింది ఆ టోటల్ ఫుట్‌బాల్ డచ్ వాళ్లే, తిట్టినవాళ్లలో టోటల్ ఫుట్‌బాల్‌కి మారుపేరైన డచ్ దిగ్గజం సాక్షాత్తూ క్రైఫ్ కూడా ఉన్నాడు. స్పెయిన్ పాస్‌ల స్టైల్ అయితే చివరికి స్పెయిన్‌నే మింగింది. 2018లో రష్యా మీద వెయ్యికి పైగా పాస్‌లు, 2022లో మొరాకో మీద మళ్లీ వెయ్యికి పైగా పాస్‌లు, రెండుసార్లూ పెనాల్టీల్లో ఇంటికి. స్కోర్‌బోర్డు ఏం అడిగితే టీమ్‌లు అది ఆడతాయి, దానికి జెండా రంగు మనం పూస్తాం.

నా రేటింగ్ అడిగితే, మ్యాచ్‌గా పదికి మూడు, ఆ మూడులో రెండు కవాషిమాకి. కానీ ఈ మ్యాచ్‌ని ఒంటరిగా చూడకండి, వెంటనే జూలై 2న రొస్తోవ్‌లో బెల్జియంతో ఆడిన నాకౌట్ మ్యాచ్ కూడా చూడండి. అదే జపాన్, నాలుగు రోజుల తర్వాత. హరగుచి, ఇనుయి గోల్స్‌తో 2–0 లీడ్, తర్వాత వెర్టోంఘెన్, ఫెలైనీ కొట్టి 2–2 చేశారు. ఇంజురీ టైమ్ నాలుగో నిమిషం, జపాన్‌కి కార్నర్. వోల్గోగ్రాడ్ బుద్ధి ఉన్న టీమ్ అయితే ఏం చేయాలి? షార్ట్ కార్నర్ ఆడి, జెండా దగ్గర బంతిని అట్టిపెట్టుకుని, ఎక్స్‌ట్రా టైమ్‌కి వెళ్లాలి. హోండా బాక్స్‌లోకి వేశాడు, గెలవడానికి. బెల్జియం గోల్‌కీపర్ కోర్టువా రెండు చేతులా పట్టాడు, ఆగకుండా డి బ్రూయ్‌నకి దొర్లించాడు, అతను మైదానం సగం పరుగెత్తి మునియేకి ఇచ్చాడు, లుకాకు బంతిని ముట్టుకోకుండా వదిలేశాడు, వెనకే వచ్చిన షాడ్లీ కొట్టేశాడు. 3–2, కథ కంచికి.

మర్నాడు ఫ్యాన్స్ ఏమన్నారో తెలుసా? "అమాయకులు, టైమ్ చంపాల్సింది" అని. నాలుగు రోజుల ముందు టైమ్ చంపారని దుమ్మెత్తిపోసినవాళ్లే! ఆ రాత్రి కూడా జపాన్ ఫ్యాన్స్ ఏడుస్తూనే చెత్త ఏరారు, టీమ్ డ్రెస్సింగ్ రూమ్ శుభ్రం చేసి రష్యన్‌లో థాంక్స్ అని రాసిపెట్టి వెళ్లింది.

ఇదిగో, హోండా కార్నర్ దగ్గర బంతి పెట్టుకుంటున్నాడు, ఇక్కడ పాజ్ చేస్తున్నా. షార్ట్ కార్నరా, బాక్స్‌లోకా? మీరైతే ఏం చేసేవాళ్లో కింద రాయండి. కాకపోతే వోల్గోగ్రాడ్ గురించి ఇందాక మనసులో ఏం తిట్టుకున్నారో అది కూడా రాయాలి, రెండూ ఒకే కామెంట్‌లో.