ఆఫీసు ల్యాప్‌టాప్‌కి ఫుల్ హెచ్‌డీ చాలా, ఫోర్‌కే కావాలా?

అందరికీ నమస్కారం. ఒడిశాలోని బరంపురం నుంచి మళ్లీ వచ్చాను. బల్ల మీద మూడు ల్యాప్‌టాప్‌లు పెట్టాను, చూడండి. ఎడమ పక్కది పాతది, 15.6 అంగుళాలు, 1366×768, అంటే అడ్డంగా 1366, నిలువునా 768 పిక్సెళ్లు, స్క్రీన్ మీద బొమ్మని గీసే చిన్న చిన్న చుక్కలన్నమాట. మధ్యలోది 14 అంగుళాలు, 1920×1200. కుడి పక్కన మెరిసిపోతున్నది 15.6 అంగుళాల ఫోర్‌కే, అంటే 3840×2160. కంపెనీ పేర్ల మీద టేపు నేనే అంటించాను. ఇవాళ మాట్లాడేది స్క్రీన్ గురించి మాత్రమే.

ఆఫీసు పనికి ల్యాప్‌టాప్ కొనేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "అన్నా, కాస్త డబ్బు ఎక్కువైనా ఫోర్‌కే తీసుకుంటే స్క్రీన్ మీద ఎక్కువ పడుతుంది కదా?" పడదండీ. ఎందుకు పడదో ఇప్పుడే చూపిస్తాను.

మూడింట్లోనూ ఒకే ఎక్సెల్ ఫైలు తెరిచాను. ముందు ఫోర్‌కే దాంట్లో స్కేలింగ్, అంటే అక్షరాలు ఎంత పెద్దగా చూపాలో చెప్పే సెట్టింగ్, 100 శాతం పెడుతున్నా. వరసలు బోలెడు కనిపిస్తున్నాయి, నిజమే. కానీ అంకెలు చీమ తలకాయంత ఉన్నాయి. దీని మీద ఎవరూ పని చేయలేరు. అందుకే ఇలాంటి స్క్రీన్‌లో స్కేలింగ్ 250 దగ్గర పెట్టుకుంటాం. ఇక లెక్క చూడండి. 3840ని రెండున్నరతో భాగిస్తే 1536. మామూలు ఫుల్ హెచ్‌డీ, అంటే 1920×1080 ల్యాప్‌టాప్‌లో 125 శాతం పెట్టుకుంటే, 1920ని ఒకటింపావుతో భాగించినా అదే 1536. నిలువునా చూసినా రెండిట్లోనూ 864 వస్తుంది. అంటే రెండిట్లోనూ పని చేసుకునే జాగా ఒక్కటే, పైసా తేడా లేదు. పిక్సెళ్లు నాలుగింతలున్నా అవన్నీ అక్షరాన్ని నున్నగా గీయడానికే పోయాయి.

ఇప్పుడు మధ్యలోదానికి రండి. ఇది కూడా 125 శాతంలోనే ఉంది. అడ్డంగా అదే 1536, నిలువునా మాత్రం 960. ఎక్సెల్‌లో మామూలు వరస ఎత్తు 20 పిక్సెళ్లు కాబట్టి, ఖరీదైన ఫోర్‌కే కంటే ఇందులోనే నాలుగైదు వరసలు ఎక్కువ కనిపిస్తున్నాయి. కావాలంటే వీడియో ఆపి లెక్కపెట్టుకోండి. ఇది 16:10 స్క్రీన్ కావడం వల్ల వచ్చిన లాభం. వెడల్పు అదే ఉండి ఎత్తు పెరిగింది. అయితే 14 అంగుళాలు కాబట్టి అక్షరం పక్కదాని కంటే కొంచెం చిన్నగా ఉంటుంది. నలభై దాటి కళ్లద్దాలు పడినవాళ్లు షాపులో ఒకసారి చదివి చూసుకుని కొనండి.

మరి ఎక్కువ పిక్సెళ్లు దండగా అంటే, కాదు. కెమెరా బాగా దగ్గరికి తెస్తున్నాను. ఎడమ పక్క స్క్రీన్ మీద చిన్న సైజులో 'కథ' అని టైప్ చేశాను. ధకీ థకీ తేడా చూపేది మధ్యలో ఉన్న ఆ చుక్కే. ఇక్కడ అది కనిపిస్తోందా? చుట్టూ బూడిద రంగు అలికినట్టుంది, చుక్క అందులో కలిసిపోయింది. ఈ స్క్రీన్‌లో అంగుళానికి దాదాపు 100 పిక్సెళ్లే మరి. మధ్యలోదాంట్లో 160 పైనే ఉన్నాయి, చుక్క విడిగా కనిపిస్తోంది. ఫోర్‌కేలో 280 దాటాయి. అచ్చు వేసిన పుస్తకంలా ఉంది, ఒప్పుకోవాల్సిందే.

ఇంగ్లీషు మెయిళ్లు మాత్రమే చదివేవాళ్లకి ఇది పెద్దగా పట్టదు. మనది వేరే సంగతి. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, ఎక్కడైనా సరే, ఒకే రోజులో ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడూ చదవాలి. ఒడియా అక్షరాల్లో చాలావాటికి పైన ఒకే తీరు గొడుగు ఉంటుంది, తేడా అంతా కింద చిన్న మెలికలోనే. దానికి వత్తు కూడా తగిలితే పాత స్క్రీన్ మీద అది అక్షరమో మరకో తెలీదు. నెట్ సెంటర్‌లో కూర్చుని పొద్దుగూకులూ ఒడిశా భూముల రికార్డుల సైట్ భూలేఖ్‌లో పట్టా కాగితాలు తీసేవాళ్లకి ఈ బాధ తెలుసు. ఖాతా నంబరు, పేరు సరిచూడటానికి జూమ్ చేయడం, మళ్లీ తగ్గించడం, రోజంతా ఇదే తంతు. కాబట్టి ఎంత చవగ్గా వచ్చినా 1366×768 కొత్తగా కొనొద్దు. సెకండ్ హ్యాండ్‌లో కూడా వద్దనే అంటాను.

అయితే ఎక్కడ ఆగాలి? మామూలు చూపున్న మనిషి ఒకటిన్నర, రెండు అడుగుల దూరంలో కూర్చుంటే, అంగుళానికి 150, 160 దాటాక తేడా గుర్తుపట్టడం క్రమంగా కష్టమవుతుంది. 14 అంగుళాల ఫుల్ హెచ్‌డీ సరిగ్గా అక్కడే ఉంటుంది. ఆ పైన 2560×1600 ఉంటే హాయిగానే ఉంటుంది. రోజంతా డాక్యుమెంట్లు చదివే పని, బడ్జెట్ కూడా ఉంటే తీసుకోండి. ఫోర్‌కే మాత్రం ఈ సైజులో నాకు ఆర్భాటంగానే అనిపిస్తుంది. 83 లక్షల పిక్సెళ్లకి వెలుగివ్వాలి, గ్రాఫిక్స్ వాటన్నిటినీ గీయాలి, అదంతా బ్యాటరీలోంచే. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట, తిత్లీ లాంటి తుఫాను తర్వాత రోజుల తరబడి చీకట్లో గడిపినవాళ్లకి బ్యాటరీ విలువ నేను చెప్పాలా?

ఇంకో చిక్కు పాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లతో. స్కేలింగ్ పెంచగానే కొన్నిట్లో అక్షరాలు మసగ్గా వస్తాయి. ఆ ప్రోగ్రాం ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, కంపాటిబిలిటీలోకి వెళ్తే హై డీపీఐ సెట్టింగ్ ఉంటుంది. అది మారిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది, అన్నిసార్లూ కాదు.

రాయగడలో అకౌంట్స్ చూసే మా బావ ల్యాప్‌టాప్ ఈ మధ్య చూశాను. మంచి ఫుల్ హెచ్‌డీ స్క్రీన్, అక్షరాలు మాత్రం మబ్బు పట్టినట్టున్నాయి. "ఏం చేశావు బావా?" అంటే, "అక్షరాలు చిన్నగా ఉన్నాయిరా, రిజల్యూషన్ తగ్గించాను" అన్నాడు. 1366×768 చేసి పెట్టాడు! మన ఆఫీసుల్లో సగం మంది చేసేది ఇదే. అప్పుడు ఒక్కో పిక్సెల్‌ని దాదాపు 1.4 పిక్సెళ్ల మీదకి సాగదీయాలి, అది అతకదు, మసకే మిగులుతుంది. రిజల్యూషన్‌ని 'రికమెండెడ్' అని రాసున్న దగ్గరే వదిలేయండి. అక్షరం పెద్దది కావాలంటే పెంచాల్సింది స్కేలింగ్. రెండూ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఒకదాని కింద ఒకటి ఉంటాయి.

ఇక మన ఊరి పట్టు చీరల దుకాణాల వాళ్లకి ఒక మాట. వాట్సాప్‌లో చీరల ఫొటోలు పంపి బేరాలు చేస్తారు కదా, మీకు రిజల్యూషన్ కంటే రంగు ముఖ్యం. స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలతలు ఎన్‌టీఎస్‌సీ, ఎస్‌ఆర్‌జీబీ. స్పెసిఫికేషన్లలో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే వదిలేయండి. చూడండి, ఇది మన బరంపురం పట్టు చీర ఫోడా అంచు ఫొటో. పాతదాంట్లో కుంకుమ ఎరుపు ఇటుక రంగుకి దిగింది. మధ్యలోది 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ, చీర పక్కన పెట్టి చూసినా ఇంచుమించు సరిపోయింది. ఫోర్‌కేకి పెట్టే అదనపు డబ్బు ఇలాంటి ప్యానెల్ మీద పెట్టండి. వెలుతురు 300 నిట్స్‌కి తగ్గకుండా చూసుకోండి, కిటికీ పక్కన కూర్చుంటే తేడా తెలుస్తుంది.

ఒకే చోట కూర్చుని పని చేసేవాళ్లయితే మామూలు ఫుల్ హెచ్‌డీ ల్యాప్‌టాప్ కొని, పక్కన 27 అంగుళాల 2560×1440 మానిటర్ పెట్టుకోండి. నిజంగా జాగా పెరిగేది అక్కడే. ఫోర్‌కే మానిటర్ పెడితే మాత్రం ల్యాప్‌టాప్‌లో మానిటర్ వైరు తగిలించే హెచ్‌డీఎమ్‌ఐ ఏ వెర్షనో అడగండి. 1.4 అయితే ఫోర్‌కేలో సెకనుకి 30 ఫ్రేములే వస్తాయి, మౌస్ బాణం ఈడ్చుకుంటూ నడుస్తుంది.

షాపుకి వెళ్లినప్పుడు సిరీస్ పేరు చూసి సరిపెట్టుకోవద్దు. ఒకే పేరు మీద రెండు మూడు రకాల ప్యానెళ్లు అమ్ముతారు, డెమోకి పెట్టింది ఒకటి, పెట్టెలో వచ్చేది ఇంకొకటి కావచ్చు. పెట్టె మీద పూర్తి మోడల్ నంబరు చూసి, దాన్ని కంపెనీ సైట్‌లో అక్కడే ఫోన్‌లో కొట్టి, రిజల్యూషన్, రంగు, నిట్స్ మూడూ సరిపోలాకే డబ్బులివ్వండి.