క్లస్టర్ కొనేముందు ప్రోగ్రామును అడగండి

వేదిక మీది పెద్దలకు, ఒంగోలు ఎండకు ఓర్చి వచ్చిన విద్యార్థులకు నమస్కారం. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది, మన్నించాలి.

"సార్, ఎన్ని కంప్యూటర్లు కొనాలి?" ఎక్కడైనా మొదట వచ్చే ప్రశ్న ఇదే. ఇది ఆఖరున అడగాల్సింది. క్లస్టర్ అంటే నెట్‌వర్కుతో కలిపి కట్టిన కంప్యూటర్ల గుంపు. మీ ప్రోగ్రామును ముక్కలు చేస్తే ఆ ముక్కలు ఒకదానితో ఒకటి ఎంత మాట్లాడుకోవాలి? ముందు అది తేల్చండి.

రొయ్యల ఫోటోలు లక్ష ఉన్నాయి, తెల్లమచ్చ తెగులు వెతకాలి అనుకుందాం. ఒక ఫోటోకు ఇంకో ఫోటోతో పనిలేదు. ల్యాబులో రాత్రిళ్లు ఖాళీగా ఉండే పీసీలు చాలు. హెచ్‌టీకాండర్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి పనులు పంచేయండి. ఒక పీసీ ఆగిపోతే దాని వంతు ఇంకోదానికి పోతుంది.

తుపాను లెక్క అలా కుదరదు. వాతావరణాన్ని లెక్కగట్టే డబ్ల్యూఆర్‌ఎఫ్ మోడల్ బంగాళాఖాతాన్ని గళ్లుగా కోసి కంప్యూటర్లకు తలా కొంత ఇస్తుంది. ప్రతి అడుగులోనూ పక్కవాడి అంచుల్లో గాలి, తేమ ఎంతో తెలియాలి. గడి వెడల్పు సగం చేస్తే రెండు దిక్కులా గళ్లు రెట్టింపు, కాలపు అడుగు సగం. మొత్తం లెక్క 8 రెట్లు.

ఇక్కడే నా గోడు. కొటేషన్లో ప్రాసెసర్ల గురించి రెండు పేజీలుంటాయి, కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్ గురించి ఒక్క వరుస! గిగాబిట్ ఈథర్నెట్ సెకనుకు మహా అయితే 125 మెగాబైట్లు మోస్తుంది. అసలు చిక్కు అది కాదు, ఆలస్యం. మామూలు ఈథర్నెట్‌లో చిన్న సందేశం చేరడానికి పదుల మైక్రోసెకన్లు పడుతుంది, క్లస్టర్ల కోసం వాడే ఇన్ఫినీబ్యాండ్ అనే వేగమైన నెట్‌వర్కులో ఒకటి రెండు. డబ్ల్యూఆర్‌ఎఫ్ పంపేవి ఎక్కువగా చిన్న సందేశాలే. పైగా ఇలా ముక్కలు సందేశాలు పంపుకునే పద్ధతిలో, అంటే ఎంపీఐతో, రాసిన ప్రోగ్రాం ఎదురుచూస్తూ కూడా ప్రాసెసర్‌ను తిప్పుతూనే ఉంటుంది. ప్రాసెసర్ ఎంత పనిలో ఉందో చెప్పే టాప్ కమాండ్ 100 శాతం చూపిస్తుంది, చూసినవాళ్లు బ్రహ్మాండంగా పనిచేస్తోందని మురిసిపోతారు. జరిగేది ఎదురుచూపు!

చవక పీసీలతో క్లస్టర్ కట్టలేమా అంటారా? 1994లో నాసా గొడార్డ్ కేంద్రంలో స్టెర్లింగ్, బెకర్ 16 ప్రాసెసర్లతో బియోవుల్ఫ్ అనే క్లస్టర్ కట్టారు. వాళ్లూ చూసింది నెట్‌వర్కే. ఒక ఈథర్నెట్ చాలకపోతే రెంటిని జతచేశారు.

ఫీజులు కట్టే సర్వరు ఆగకూడదనుకుంటే అది వేరే రకం క్లస్టర్. రెండు యంత్రాలు మాత్రమే పెడితే, మధ్య తీగ తెగినరోజు రెండూ నేనే యజమానినంటాయి, డేటా పాడవుతుంది. యజమాని ఎవరో తేల్చడానికి మూడో ఓటు పెట్టండి. మొండికేసినదాని కరెంటు తీసే ఏర్పాటూ ఉండాలి. దాంతో వేగం పెరగదు, ఆశపడకండి.

చేతులెత్తండి, మీలో సర్వర్ గది ఏసీని జనరేటర్‌కు కలిపినవాళ్లెందరు? ఇద్దరా! ఎనిమిది నోడ్లు, అంటే క్లస్టర్‌లోని కంప్యూటర్లు, ఒక్కోటి 500 వాట్లనుకుంటే 4 కిలోవాట్లు. అంతా వేడిగానే బయటికొస్తుంది. ఒక టన్ను ఏసీ తీసేది మూడున్నర కిలోవాట్లు. కాగితం మీద టన్నున్నర సరిపోతుంది, మే నెల నెల్లూరులో రెండు టన్నులు పెట్టండి. కరెంటు పోయి యూపీఎస్ మీద సర్వర్లు నడుస్తూ ఏసీ ఆగిందా, నిమిషాల్లో గది పొయ్యి. వేడెక్కిన నోడ్ వేగం తగ్గించుకుంటుంది. ముక్కలన్నీ మాట్లాడుకునే పనిలో ఆ ఒక్కదాని కోసం మిగతా ఏడూ ఆగుతాయి.

అన్నట్టు, నోడ్ల గడియారాలు క్రోనీ అనే సాఫ్ట్‌వేర్‌తో కలపండి. ఐదు నిమిషాలు దాటి తేడా వస్తే, క్లస్టర్‌లో పనులు పంచే స్లర్మ్ కాపలాకు వాడే మంజ్ తలుపు తియ్యదు. తప్పు ఇంకెక్కడో వెతుకుతారు.

ప్రోగ్రాములో 5 శాతం ముక్కలు చేయలేక వరసగా నడిచేదే అయితే, ఆమ్‌దాల్ సూత్రం ప్రకారం ఎన్ని నోడ్లు పెట్టినా వేగం 20 రెట్లు దాటదు. అందుకే పని 64 కోర్లు, 512 జీబీ ర్యామ్ ఉన్న ఒక్క పెట్టెలో ఇమిడితే క్లస్టర్ మాటే ఎత్తకండి.

ఇమడకపోతే నాలుగు నోడ్లు రెండు గంటలు అద్దెకు తీసుకోండి. మీరు కొనబోయే నెట్‌వర్కే అందులో ఉండాలి. మీ ప్రోగ్రామునే ఒకటి, రెండు, నాలుగింటి మీద నడిపి సమయాలు రాయండి. రెండు నుంచి నాలుగుకు పోయినా సమయం పెద్దగా తగ్గకపోతే, నోడ్ల డబ్బు స్విచ్ మీద పెట్టండి. ఆ పట్టిక లేని కొటేషన్ మీద సంతకం పెట్టొద్దు. ప్రిన్సిపాల్ గారూ, ఈ మాట మీకే.