మన ఎంపీ సుప్రీంకోర్టు జడ్జిని ఆపగలరా?

అందరికీ నమస్కారం. అమెరికాలో సుప్రీంకోర్టు జడ్జి అభ్యర్థి మీద ఫలానా సెనేటర్‌కి (అక్కడి పార్లమెంటు పైసభ సభ్యుడికి) అభ్యంతరాలున్నాయట అని వార్త వస్తే చాలు, ఇక్కడ శ్రీకాకుళంలో అందరూ నన్ను ఒకటే అడుగుతారు: "మరి మన ఎంపీ ఎందుకు నోరెత్తరు?" ఎత్తినా లాభం లేదండీ. ఆ బల్ల దగ్గర ఆయనకి కుర్చీయే లేదు.

ఏ బల్ల అంటారా? పలాస జీడిపప్పు ఫ్యాక్టరీకి రండి. పొట్టు తీసిన పప్పుని బల్ల మీద పోస్తారు. ఆడవాళ్లు వేళ్లతో దొర్లిస్తూ గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు, మచ్చ పడ్డది ఇంకోవైపు ఏరేస్తారు. ఆ తర్వాతే డబ్బాకి సీలు. అమెరికాలో అధ్యక్షుడు పప్పు తెచ్చి పోస్తే వందమంది సెనేటర్లు ఏరతారు. అదీ టీవీ కెమెరాల ముందు, రోజుల తరబడి ప్రశ్నలడిగి! అక్కడ సీలు పడిందంటే జీవితాంతం, రిటైర్మెంట్ వయసు లేదు మరి. 1987లో రాబర్ట్ బోర్క్‌ని 58-42తో పక్కన పెట్టేశారు. 2018లో బ్రెట్ కావనా 50-48తో గట్టెక్కారు. అంత దగ్గరి లెక్కలో ఒక్క సెనేటర్ "నాకు అనుమానాలున్నాయి" అంటే అధ్యక్షుడికి టెన్షనే.

మన దగ్గర ప్రధాన న్యాయమూర్తి, ఆయన తర్వాతి నలుగురు సీనియర్లు, ఆ ఐదుగురే తలుపులు వేసుకుని ఏరతారు. అదే కొలీజియం. కేంద్రం "దీన్ని ఇంకోసారి చూడండి" అని వెనక్కి పంపొచ్చు. 2018లో జస్టిస్ కె.ఎం. జోసెఫ్ పేరుని అలాగే పంపింది. కొలీజియం మళ్లీ అదే పేరు ఇచ్చింది, ఆగస్టులో ఆయన ప్రమాణం చేశారు.

ఎంపీలకి పని పడేది సీలు వేశాకే. జడ్జిని తొలగించే తీర్మానం పెట్టాలంటే లోక్‌సభలో 100 మంది గానీ రాజ్యసభలో 50 మంది గానీ సంతకాలు పెట్టాలి. ఆ తీర్మానం లేకుండా జడ్జి ప్రవర్తన గురించి సభలో మాట్లాడటానికే రాజ్యాంగంలోని 121వ అధికరణం ఒప్పుకోదు.

సెనేట్ పద్ధతి మనకి వద్దనే నేనంటాను. అక్కడ ఏరడం కూడా పార్టీల వారీగా అయిపోయింది. 2020లో రిపబ్లికన్ అధ్యక్షుడు ట్రంప్ తెచ్చిన ఎమీ కోనీ బారెట్‌కి అవతలి పార్టీ డెమోక్రాట్లు ఒక్కరూ ఓటెయ్యలేదు. అలాగని తలుపులు మూసి ఏరడమూ నాకు నచ్చదు. ఏ పేరుని ఎందుకు పక్కన పెట్టారో జనానికి తెలియాలి.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. 2014లో పార్లమెంటు 99వ రాజ్యాంగ సవరణతో జడ్జిల నియామకాల కమిషన్ తెచ్చింది, 2015లో సుప్రీంకోర్టు 4-1తో కొట్టేసింది. అందులో న్యాయశాఖ మంత్రికి కుర్చీ ఉంది, మామూలు ఎంపీకి లేదు. అందుకే మీ ఎంపీ కనిపిస్తే ఫలానా జడ్జిని ఆపమనకండి. నియామకాల మీద కొత్త బిల్లు ఎప్పుడు తెస్తారని అడగండి. దాని మీదైతే ఆయనకి ఓటుంది.