నేలమాళిగలో రేడాన్

శ్రోతలకు నమస్కారం. అమెరికాలో, పెన్సిల్వేనియాలోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొనే మన పిల్లలు ‘రేడాన్ టెస్ట్ చేయించాలి’ అంటుంటే మీరు వినే ఉంటారు. ఆ ఇళ్లలో బేస్‌మెంట్, అంటే నేలమాళిగ, పిల్లల ఆటస్థలం, హోమ్ థియేటర్, కొందరికి ఆఫీసు గది కూడా. రేడాన్ ఎక్కువగా చేరేదీ అక్కడే.

నేలలో ఉన్న యురేనియం క్రమంగా రేడియంగా, రేడియం రేడాన్‌గా మారుతుంది. రంగూ వాసనా లేని వాయువు. పీల్చినప్పుడు దాని నుంచి పుట్టిన పొలోనియం ఊపిరితిత్తుల్లో ఆల్ఫా కణాలనే రేడియేషన్‌ను వదులుతుంది. అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగతాగడం తర్వాత పెద్ద కారణం ఇదే. 1984లో పెన్సిల్వేనియాలోని లిమరిక్ అణువిద్యుత్ కేంద్రంలో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు వల్ల రేడియేషన్ అలారాలు మోగుతుంటే కారణం వెతికారు. తప్పు కేంద్రంలో లేదు, ఆయన ఇంట్లో ఉంది. లీటరు గాలికి సుమారు 2,700 పికోక్యూరీలు (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం)! అక్కడి ప్రభుత్వం మరమ్మతు చేయించుకోమనే స్థాయి 4.

చలికాలంలో వేడిగాలి పైకి పోయి ఇంటి పైభాగం నుంచి బయటపడుతుంది. దాంతో కింద పీడనం తగ్గి, గచ్చు పగుళ్ల నుంచీ, నేలలో ఊరే నీరు చేరే సంప్ గుంట నుంచీ నేలలోని గాలిని ఇల్లే లాక్కుంటుంది. ఎంత లాక్కుంటుందన్నది ఇంటింటికీ మారుతుంది. అందుకే పక్కింట్లో తక్కువ వచ్చిందన్న మాట మీ ఇంటికి పనికిరాదు.

పరీక్షకు రేడాన్‌ను పట్టుకునే బొగ్గు ఉన్న చిన్న డబ్బా చాలు. పెట్టడానికి 12 గంటల ముందు నుంచి, పరీక్ష పూర్తయ్యేదాకా కిటికీలు మూసి ఉంచాలి. నేలకు కనీసం 20 అంగుళాల ఎత్తున, మనుషులు వాడే అట్టడుగు అంతస్తులో పెట్టాలి. వంటగదీ బాత్‌రూమూ వద్దు. కనీసం రెండు రోజులు ఉంచి, వెంటనే ల్యాబ్‌కు పంపాలి. ఆలస్యమైతే లెక్క తప్పుతుంది, ఎందుకంటే రేడాన్ 3.8 రోజుల్లో సగానికి తగ్గిపోతుంది.

ఎక్కువ వచ్చిందా? పగుళ్లకు సీలెంట్ పూసి ఊరుకునేవారు చాలామంది. అదొక్కటే సరిపోదు. కంటికి కనపడని సందులు ఇంకా ఉంటాయి. సరైన పని గచ్చు కింద నుంచే గాలిని లాగేయడం. గచ్చుకు రంధ్రం వేసి, కింద బకెట్‌డో రెండు బకెట్లో మట్టి తీసి గుంట చేస్తారు. 4 అంగుళాల పీవీసీ గొట్టం దించి, చుట్టూ సీల్ చేసి, కప్పు పైదాకా తీసుకెళ్లి, గాలిని లాగే ఫ్యాన్ బిగిస్తారు. సంప్‌కు గాలి చొరని మూత బిగిస్తారు. సీలెంట్ అవసరం ఇక్కడే: పగుళ్లు మూస్తేనే ఫ్యాన్ ఇంటి గాలిని కాకుండా నేల గాలిని లాగుతుంది.

ఫ్యాన్‌ను బేస్‌మెంట్లో పెట్టడం ప్రమాదకరం. ఫ్యాన్ దాటాక గొట్టంలో ఒత్తిడి ఉంటుంది, అక్కడ చిన్న లీకున్నా రేడాన్ ఇంట్లోకే చిమ్ముతుంది. కాబట్టి అటక మీదో, ఇంటి బయటో ఉండాలి. అడ్డంగా పోయే గొట్టం అడుగుకు ఎనిమిదో వంతు అంగుళం చొప్పున గుంట వైపు వాలాలి. లేదంటే పల్లంలో తేమ నీరు నిలిచి గాలికి అడ్డుపడుతుంది.

గొట్టానికి తగిలించే యు ఆకారపు సన్న గొట్టంలో రంగు నూనె రెండు వైపులా సమానంగా నిలిస్తే ఫ్యాన్ లాగడం లేదని అర్థం. ఎత్తుల్లో తేడా ఉంటే లాగుతోంది. అది రేడాన్‌ను కొలవదు. ఫ్యాన్ పెట్టి 24 గంటలు దాటాక, నెలలోపే మళ్లీ పరీక్షించండి. తర్వాత రెండేళ్లకోసారి. కరెంటు బిల్లుకు భయపడి ఫ్యాన్ ఆపితే మాత్రం బేస్‌మెంట్ మళ్లీ మొదటికే వస్తుంది.