ఇంటి చెత్తను తూచి చూద్దాం

పిల్లలకీ, వాళ్ళని వెంటబెట్టుకొచ్చిన అమ్మానాన్నలకీ, తాతయ్యలకీ, అమ్మమ్మలకీ నమస్కారం.

సైన్స్ ఎగ్జిబిషన్ సర్క్యులర్లు వచ్చే వేళైంది. అందులో "వ్యర్థాల నిర్వహణ" అన్న మాట కనపడగానే ఇళ్ళల్లో ఏం జరుగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. థర్మోకోల్ షీటు వస్తుంది. రెండు రంగుల డబ్బాలు, ఒక చార్టు తయారవుతాయి. అర్ధరాత్రి దాకా నాన్న కత్తిరిస్తుంటే అమ్మ అంటిస్తుంటుంది, పిల్లవాడు నిద్రపోతాడు. జడ్జిగా వెళ్ళినప్పుడు అలాంటి మోడల్ ముందు నిలబడి నేనొకటే అడుగుతాను: "ఇది చేశాక నీకు కొత్తగా ఏం తెలిసిందమ్మా?" జవాబు రాదు. అందులో పిల్లల తప్పేమీ లేదు. ఆ మోడల్లో తెలుసుకోవడానికి ఏమీ పెట్టలేదు మనం.

కాబట్టి మొదట కావాల్సింది ఒక ప్రశ్న. జవాబు మీకు ముందే తెలియని ప్రశ్న, మీ వంటింట్లోనే కొలిచి తేల్చగలిగే ప్రశ్న. "చెత్తను ఎలా తగ్గించాలి?" అన్నది చాలా పెద్దది, పట్టుకోవడానికి చిక్కదు. "మా ఇంటి తడి చెత్తలో నీళ్ళెంత?" అన్నది చిక్కుతుంది.

ఈ ప్రశ్న చిన్నదని తీసెయ్యకండి. మనం ఉంటున్న బెంగళూరు చరిత్ర గుర్తు చేసుకోండి. 2012లో, నగరం చెత్త పోస్తున్న మావళ్ళిపుర ఊరివాళ్ళు మా దగ్గర ఇక చెత్త పొయ్యొద్దని అడ్డుపడ్డారు. అక్కడి యార్డు మూతపడితే బెంగళూరు వీధుల్లో గుట్టలు పేరుకుపోయాయి. భారమంతా చెత్త పోసే మరో ఊరు మండూరు మీద పడింది. 2014లో వాళ్ళూ ఇక చాలన్నారు. 2015 డిసెంబరులో హైకోర్టు చెప్పాక "రెండు డబ్బాలు, ఒక సంచి" పద్ధతి వచ్చింది. తడి చెత్తకు ఆకుపచ్చ డబ్బా, డైపర్లు, ప్యాడ్ల లాంటివాటికి ఎర్ర డబ్బా, పొడి చెత్తకు సంచి. ఇళ్ళనుంచి వెళ్ళే చెత్తలో సగానికి పైగా తడి చెత్తే. కూరగాయల తొక్కల్లో ఎక్కువ భాగం నీళ్ళు. అంటే లారీ మోసుకెళ్ళేది చాలావరకు నీటినే. గుట్టగా పోస్తే ఆ నీరే నల్లగా కారి భూమిలోకి ఇంకుతుంది. లోపల గాలి ఆడక మీథేన్ పుడుతుంది. వందేళ్ళ కాలానికి లెక్కవేస్తే అది అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కన్నా 25 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది.

ఇక తూకం సంగతి. వంటింటి డిజిటల్ తూకం చాలు. ముందు ఖాళీ డబ్బాను తూచి రాసుకోండి. రోజూ ఒకే వేళకు, చెత్త ఆటో రాకముందు తూచండి. కనీసం రెండు వారాలు చెయ్యండి. ఒక్క వారమే తీసుకుంటే అందులో ఆదివారం ఒక్కటే ఉంటుంది. ఆదివారం వంట వేరు, మంగళవారం వంట వేరు. గోంగూర కట్టలు తెచ్చిన రోజు కాడల బరువు ఆకు బరువును మించుతుందేమో చూడండి. ఆ రోజు ఇంట్లో ఎంతమంది తిన్నారో పక్కనే రాయండి. చుట్టాలు వచ్చారా, స్విగ్గీలో తెప్పించుకున్నారా, అదీ రాయండి. మనిషికి ఎన్ని గ్రాములో తీస్తేనే పక్క ఫ్లాటుతో పోల్చడానికి వీలవుతుంది.

నీళ్ళ లెక్కకు వంద గ్రాముల తొక్కలు సన్నగా తరిగి పళ్ళెంలో పలచగా ఆరబెట్టండి. రోజూ తూచండి. రెండు రోజులు వరుసగా బరువు మారకపోతే ఆరినట్టు. బెంగళూరు వానల్లో ఇది సాగుతుంది, టెన్షన్ పడొద్దు. వాన పడిన రోజులు కూడా రాసుకోండి, అదీ డేటానే. స్కూలు ల్యాబులో ఓవెన్ ఉంటే 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టమని టీచరుగారిని అడగండి.

కంపోస్టు చేస్తామన్న పిల్లలు చాలామంది ఉన్నారు. మంచిదే. కానీ ఒక్క కుండ పెట్టి "ఎరువు తయారైంది" అంటే అది ప్రాజెక్టు కాదు. కనీసం మూడు కుండలు కావాలి. మూడింట్లో ఒకే రకం తొక్కలు, ఒకే బరువు. ఒకదాంట్లో తొక్కలు మాత్రమే వెయ్యండి, రెండోదాంట్లో కొబ్బరి పొట్టు కలపండి, మూడోదాంట్లో ఎండుటాకులు కలపండి. మిగతావేవీ మార్చకూడదు. ఒక్కో రకానికి రెండేసి కుండలు పెట్టగలిగితే మరీ మంచిది. ఒక కుండలో ఈగలు చేరి పాడైనా రెండోది సాక్ష్యం చెబుతుంది. తొక్కల్లో నైట్రోజన్ ఎక్కువ, ఎండుటాకుల్లో కార్బన్ ఎక్కువ. కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకు ఒక వంతు నైట్రోజన్‌కు పాతిక, ముప్ఫై వంతుల కార్బన్ ఉంటే బాగుంటుంది. అది కుదరకపోయినా, గాలి ఆడకపోయినా కంపు కొడుతుంది. కంపును కొలవడానికి పరికరం అక్కర్లేదు. ఏ కుండలో ఏముందో తెలియని పక్కింటి ఆంటీని పిలిచి సున్నా నుంచి అయిదు దాకా మార్కులు వెయ్యమనండి. మీరే వేస్తే మీకు నచ్చిన కుండకు తక్కువ కంపు ఉన్నట్టే తోస్తుంది.

ఒక మాట ముందే చెప్పాలి. పుస్తకాల్లో కంపోస్టు 55 నుంచి 65 డిగ్రీల దాకా వేడెక్కుతుందని ఉంటుంది. అది పెద్ద గుట్టల సంగతి. బాల్కనీ కుండలో పుట్టిన వేడి పుట్టినట్టే బయటికి పోతుంది, కొద్ది డిగ్రీలే పెరగొచ్చు. మీ థర్మామీటరు 31 చూపిస్తే 31 అనే రాయండి. పుస్తకానికి సరిపోలేదని అంకె మార్చారంటే మొత్తం ప్రాజెక్టు పోయినట్టే. ఈ విషయంలో అమ్మానాన్నల్ని కూడా చేతులెత్తి వేడుకుంటున్నాను.

ఇప్పుడు ఈ బల్ల మీదికి చూడండి. గాజు గిన్నెలో మామూలు నీళ్ళున్నాయి. నీళ్ళ సీసా నుంచి కత్తిరించిన ముక్క వేస్తున్నాను, మునిగింది. అదే సీసా మూత ముక్క వేస్తున్నాను, తేలింది. నీళ్ళ సాంద్రత ఒకటి. సీసా పెట్ అనే రకం ప్లాస్టిక్, దాని సాంద్రత దాదాపు 1.38. మూత పాలీప్రొపిలీన్ గానీ హెచ్‌డీపీఈ గానీ, ఈ రెండు రకాల ప్లాస్టిక్‌లలో ఒకటి అయ్యుంటుంది, రెండింటి సాంద్రతా ఒకటి కన్నా తక్కువ. రీసైక్లింగ్ యూనిట్లలో వీటిని విడదీసే పద్ధతుల్లో ఇదీ ఒకటి. ముక్కల్ని శుభ్రంగా కడిగి, చెంచాతో లోపలికి నొక్కి వదలండి. గాలి బుడగ అంటుకుంటే మునగాల్సింది కూడా తేలిపోతుంది. నీళ్ళలో ఒక చుక్క అంట్ల సబ్బు వేస్తే ఆ ఇబ్బంది తగ్గుతుంది. పాలీస్టైరీన్ అనే ఇంకో ప్లాస్టిక్ గట్టి ముక్క మంచినీళ్ళలో మునుగుతుంది, బాగా ఉప్పు కలిపిన నీళ్ళలో తేలుతుంది. థర్మోకోల్ కూడా పాలీస్టైరీనే, కానీ అది ఎందులోనైనా తేలుతుంది. ఎందుకో మీరే తేల్చండి. చిప్స్ ప్యాకెట్ ఎటు పోతుందో కూడా చూడండి. అందులో పొరలు పొరలుగా వేర్వేరు పదార్థాలు అంటుకుని ఉంటాయి కాబట్టి విడదీయడం కష్టం, కొనేవాళ్ళూ అరుదు.

ఏది అమ్ముడుపోతుందో మనకన్నా మీ వార్డు పొడి చెత్త కేంద్రంలో పనిచేసేవాళ్ళకే బాగా తెలుసు. వెళ్ళి అడగండి, అన్నా, అక్కా అని మర్యాదగా అడగండి. వాళ్ళు చెప్పింది ప్రాజెక్టులో రాసినప్పుడు వాళ్ళు చెప్పారనే రాయండి.

ఎర్ర డబ్బా జోలికి పిల్లలు వెళ్ళకూడదు. పాత బ్యాటరీలు, పగిలిన ట్యూబ్‌లైట్లు, మందులు ముట్టుకోకండి. మిగతావి విడదీసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి.

కంపోస్టుకు నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. డిసెంబరులో ఎగ్జిబిషన్ అయితే సెప్టెంబరు చివరికి కుండలు సర్దెయ్యాలి. తూకం ప్రాజెక్టుకు అంత సమయం అక్కర్లేదు, నెల చాలు. ఏది ఎంచుకున్నా నోటుబుక్కు మొదటి పేజీలో తారీఖు వేసి, ఏం జరుగుతుందని మీరు అనుకుంటున్నారో ఇవాళే రాయండి. తర్వాత దాన్ని కొట్టెయ్యకండి. ప్రశ్న ఇంకా తేలనివాళ్ళు ఇక్కడే ఆగండి, కాగితాలు తెచ్చాను, కూర్చుని రాసుకుందాం.